చేతులు పెట్టకుండా కంప్యూటర్ నడపాలంటే ఏ వాయిస్ కంట్రోల్ తీసుకోవాలి

గుంటూరులో మా పెదనాన్నగారి అబ్బాయి ల్యాప్‌టాప్‌లో వాయిస్ యాక్సెస్ (గొంతుతో కంప్యూటర్ నడపడానికి విండోస్‌తో వచ్చే సౌకర్యం) ఆన్ చేసిన రోజు మొదటి పావుగంట బాగానే గడిచింది. "ఓపెన్ క్రోమ్" అంటే క్రోమ్ తెరుచుకుంది, "స్క్రోల్ డౌన్" అంటే పేజీ కిందికి జరిగింది, వంటింట్లోంచి వదిన కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసింది. అప్పుడు అన్నయ్య అడిగాడు: "అది సరేరా, ఇది నా మాట వినడం మానేస్తే మళ్లీ ఎట్లా లేపాలి? మీ వదిన బజారుకి పోయిన టైంలో ఆగిపోతే?" బైక్ యాక్సిడెంట్‌లో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని ఆరేళ్లయింది ఆయనకి, రెండు చేతులూ పనిచేయవు. నా దగ్గర వెంటనే జవాబు లేదు.

అప్పటికే నేను రెండేళ్లుగా గొంతుతో కోడ్ రాస్తున్నాను. కుడి మణికట్టులో మొదలైన నొప్పి ఎడమ చేతికి కూడా పాకి, డాక్టర్ స్ప్లింట్ కట్టి టైపింగ్ బాగా తగ్గించమన్నాక నేర్చుకున్న పని ఇది. కానీ ఇరుక్కున్న ప్రతిసారీ నేను పళ్లు బిగించి మౌస్ పట్టుకునేవాణ్ణి, పది సెకన్ల పని, అది కానిచ్చి మళ్లీ మైకు దగ్గరికి వచ్చేవాణ్ణి. ఆ పది సెకన్ల వెసులుబాటు అన్నయ్యకి లేదు. ఇన్నాళ్లూ నేను చదివిన పోలికలన్నీ ఏ సాఫ్ట్‌వేర్ ఎన్ని మాటల్ని కరెక్టుగా గుర్తుపడుతుందనే లెక్కలోనే ఉన్నాయి, ఆయన ప్రశ్నకి వాటిలో ఎక్కడా జవాబు లేదు.

అందుకే ఇక్కడ వేరే కొలత పెట్టుకున్నాను. మాట తప్పు పోవడం అన్నిటిలోనూ జరుగుతుంది, తప్పు పోయాక ఏమవుతుందో చూడాలి. నిద్రపోయిన సాఫ్ట్‌వేర్‌ని గొంతుతోనే లేపగలమా, మనం అన్నది అదేమని విన్నదో తెర మీద కనిపిస్తుందా, మర్చిపోయిన కమాండ్‌ని చెయ్యి పెట్టకుండా వెతుక్కోగలమా. ఈ మూడూ సరిగ్గా ఉన్నదాంట్లో గుర్తింపు కాస్త అటూ ఇటూ అయినా పని నడుస్తుంది. ఇవి లేకపోతే ఎంత చురుగ్గా విన్నా ఏదో ఒకరోజు మధ్యాహ్నం తెర ముందు ఒంటరిగా ఇరుక్కుపోతారు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. వాయిస్ టైపింగ్ వేరు, వాయిస్ కంట్రోల్ వేరు. ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి మాట్లాడితే అక్షరాలు పడటం వాయిస్ టైపింగ్, అక్కడ మైకు నొక్కడానికైనా వేలు కావాలి. బటన్ నొక్కడం, విండో మార్చడం, ఫైల్ తెరవడం, ఫారం నింపడం, తప్పు దిద్దడం ఇవన్నీ గొంతుతో జరిగితే అది వాయిస్ కంట్రోల్. షాపులో అడిగినా, యాప్ స్టోర్‌లో వెతికినా రెండూ కలిపేసి చూపిస్తారు, చాలామంది మొదటి నెల ఇక్కడే పోగొట్టుకుంటారు.

విండోస్ వాయిస్ యాక్సెస్

చేతులు అసలు వాడలేనివాళ్లు విండోస్ కంప్యూటర్ మీద ఉంటే నేను మొదట చెప్పేది ఇదే. విండోస్ 11లో 2022 అప్‌డేట్ నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, భాషకి సంబంధించిన ఫైల్ ఒకసారి దిగాక ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఇంగ్లీషు (ఇండియా) అని విడిగా ఎంచుకోవచ్చు. అమెరికా ఇంగ్లీషు పెట్టుకుని యాస మార్చి మాట్లాడటానికి తంటాలు పడేవాళ్లు ముందు ఈ ఒక్కటి మార్చి చూడండి, మా అన్నయ్య విషయంలో సగం గొడవ దీంతోనే పోయింది.

వాడకంలో దీని బలం అంకెలు. "షో నంబర్స్" అంటే తెర మీద నొక్కదగిన ప్రతిదాని పక్కనా ఒక అంకె వస్తుంది, "క్లిక్ 14" అంటే అది నొక్కుకుంటుంది. అంకె రాని చోట "షో గ్రిడ్" అంటే తెర మొత్తం తొమ్మిది గళ్లవుతుంది, గడి అంకె చెబితే ఆ గడి మళ్లీ తొమ్మిదవుతుంది, అలా రెండు మూడు మెట్లలో ఎంత చిన్న గుర్తునైనా పట్టుకోవచ్చు. "వాట్ కెన్ ఐ సే" అంటే కమాండ్ల జాబితా తెరుచుకుంటుంది, ఆ జాబితాలో తిరగడం కూడా గొంతుతోనే. నేను పెట్టుకున్న మూడో కొలతలో ఇది చక్కగా నెగ్గుతుంది. మీరన్న మాట తెర పైభాగంలోని పట్టీలో కనిపిస్తుంది కాబట్టి రెండోదాంట్లో కూడా నెగ్గుతుంది.

ఇక అన్నయ్య ప్రశ్న. దీనికి రెండు రకాల మౌనాలున్నాయి. "వాయిస్ యాక్సెస్ స్లీప్" అంటే నిద్రపోతుంది, "వాయిస్ యాక్సెస్ వేక్ అప్" అంటే లేస్తుంది, ఎందుకంటే నిద్రలో కూడా ఆ ఒక్క మాట కోసం చెవి పెట్టి ఉంటుంది. "టర్న్ ఆఫ్ మైక్రోఫోన్" అంటే మాత్రం మైకే ఆగిపోతుంది, ఆగిన మైకుకి ఏ మాటా వినపడదు, దాన్ని మళ్లీ వేయాలంటే కీబోర్డో మౌసో ముట్టుకోవాల్సిందే. జాబితాలో చూస్తే రెండూ అన్నదమ్ముల్లాంటి కమాండ్లు అనిపిస్తాయి. చేతులున్నవాళ్లకి నిజంగానే తేడా లేదు. లేనివాళ్లకి ఒకటి తలుపు దగ్గరికి వేసినట్టు, ఇంకోటి బయట నుంచి తాళం వేసినట్టు. ఈ తేడా నేను ఆయనకి మొదటి నిమిషంలోనే చెప్పి ఉండాల్సింది, జాబితాలో పై నుంచి కిందికి చదువుతూ పోయాను కాబట్టి నా దృష్టికే రాలేదు.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద స్పీచ్ అని ఉంటుంది. అక్కడ సైన్ ఇన్ అయ్యాక తనంతట తానే మొదలయ్యేలా ఒకటి, సైన్ ఇన్ కాకముందే మొదలయ్యేలా ఇంకొకటి, రెండు టిక్కులు ఉన్నాయి. రెండూ పెట్టండి. రాత్రికి రాత్రి అప్‌డేట్ వచ్చి కంప్యూటర్ రీస్టార్ట్ అయితే, పొద్దున పాస్‌వర్డ్ తెర ముందు ఆగిపోయేది ఈ రెండో టిక్కు లేనివాళ్లే. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు ఒకసారి కావాలని రీస్టార్ట్ చేసి చూసుకోవడం మంచిది.

విండోస్ 10లోనే ఉండిపోయినవాళ్లకి వాయిస్ యాక్సెస్ రాదు, 2007లో విండోస్ విస్టాతో వచ్చిన పాత స్పీచ్ రికగ్నిషన్ ఉంటుంది. దాన్ని పక్కన పెడుతున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 డిసెంబరులోనే చెప్పేసింది. వెతికితే ఇప్పటికీ పాతదాని గురించి రాసిన పేజీలు బోలెడు వస్తాయి, కమాండ్లు కొన్ని అవే, కొన్ని వేరు, కొత్తవాళ్లు ఆ పేజీ చూసి ఈ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడి "ఇది పనిచేయట్లేదు" అనుకుంటారు. పేజీలో ఏ పేరు ఉందో చూసుకోండి: "స్పీచ్ రికగ్నిషన్" అని ఉంటే విండోస్ 11 వాడేవాళ్లకి పనికొచ్చేది అది కాదు.

మ్యాక్, ఐఫోన్

యాపిల్ వాయిస్ కంట్రోల్ 2019లో మ్యాక్‌లోకీ ఐఫోన్‌లోకీ వచ్చింది, మాటల గుర్తింపు పరికరంలోనే జరుగుతుంది. "గో టు స్లీప్", "వేక్ అప్" అంతే, గుర్తుపెట్టుకోవడం తేలిక. అంకెలు, గళ్లు ఇక్కడ కూడా ఉన్నాయి. వీటితో పాటు "షో నేమ్స్" అనేది ఒకటి ఉంది, నాకు బాగా నచ్చింది అదే: తెర మీద ఉన్న ప్రతి బటన్‌ని ఏ పేరుతో పిలవాలో ఆ పేరే రాసి చూపిస్తుంది. బొమ్మ మాత్రమే ఉండి పేరు కనిపించని బటన్లు ఈ రోజుల్లో ఎక్కువ. దాన్ని "షేర్" అనాలా "సెండ్" అనాలా అని మూడుసార్లు ఊహించి విసిగిపోయే బదులు ఒకసారి పేర్లు చూసుకుంటే ఆ యాప్ భాష వచ్చేస్తుంది. డాక్యుమెంటేషన్ అంటే నా దృష్టిలో ఇదే, వేరే పేజీలో కాకుండా పని జరిగే చోటే, అడిగినప్పుడే.

మీ సొంత కమాండ్లు కూడా సెట్టింగ్స్‌లోనే చేసుకోవచ్చు, ఫలానా మాట అంటే ఫలానా వాక్యం రాయడం, కీలు నొక్కడం, ఒక వెబ్ పేజీ తెరవడం. కోడ్ రాయక్కర్లేదు. మ్యాక్ ముందే ఉన్నవాళ్లు వేరేది వెతుక్కోవాల్సిన పని లేదు, దీంతో మొదలుపెట్టండి. దీనికోసమని కొత్తగా మ్యాక్ కొనమని మాత్రం చెప్పను, ఆ డబ్బులో కొంత మంచి హెడ్‌సెట్ మీద పెడితే విండోస్‌లో కూడా పని జరుగుతుంది.

డ్రాగన్

మనం చెప్పింది రాసిపెట్టే సాఫ్ట్‌వేర్‌లలో 1990ల నుంచి ఉన్న పేరు. ఇంగ్లీషులో పేజీలకి పేజీలు చెప్పి రాయించుకునే లాయర్లకీ డాక్టర్లకీ ఇది అలవాటైన పనిముట్టు, అమెరికాలో ఉన్న మన డాక్టర్లలో కొంతమందికి ఆస్పత్రిలోనే పరిచయం అయ్యుంటుంది. దీన్ని అమ్ముతున్న న్యూయాన్స్ కంపెనీని 2022లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. మ్యాక్ వెర్షన్ 2018లోనే ఆగిపోయింది, ఇప్పుడు కంప్యూటర్ మీద అంటే విండోస్ ఒక్కటే. వందల డాలర్ల లైసెన్సు.

మాన్యువల్ విషయంలో దీనికి పాతకాలపు క్రమం ఉంది, అధ్యాయాలు, విషయసూచిక, అన్నీ ఒకచోట. కానీ వాడేవాళ్లు తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మాటతోనే ఎంచుకుని మాటతోనే దిద్దే సౌకర్యం కొన్ని యాప్‌లలోనే పూర్తిగా ఉంటుంది, మిగతా చోట్ల డిక్టేషన్ బాక్స్ అనే చిన్న కిటికీలో రాసి అక్కడి నుంచి పంపాలి. మీరు రోజూ వాడే ఆఫీసు యాప్ మొదటి రకమా రెండో రకమా అన్నది కొనకముందే తేల్చుకోండి. ఇంగ్లీషు రిపోర్టులు రోజంతా రాసే పని అయితే డబ్బుకి న్యాయం జరుగుతుంది. బ్రౌజర్‌లోనే బతికేవాళ్లకి, తెలుగు రాసేవాళ్లకి నేను చెప్పను.

టాలన్

టాలన్ అనేది ముఖ్యంగా కోడ్ రాసేవాళ్లు వాడే వాయిస్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా రోజు గడిచేది దీంతోనే, మిగతావాటిలో లేని శక్తీ, మిగతావాటిలో లేని ఇబ్బందీ రెండూ దీంట్లో ఉన్నాయి.

దీన్ని తయారు చేసిన రయాన్ హైల్‌మన్ స్వయంగా చేతి నొప్పి వచ్చి ఇందులోకి దిగిన ప్రోగ్రామర్. అంతకుముందు గొంతుతో కోడ్ రాయాలంటే డ్రాగన్ కొని, దానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన లైబ్రరీలు తగిలించి, నానా తంటాలు పడాల్సి వచ్చేది. 2013లో పైకాన్ అనే పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు వేదిక మీద టావిస్ రడ్ అనే ప్రోగ్రామర్ అలాగే చేసి చూపించాడు, చిన్న చిన్న విచిత్రమైన పదాలు గబగబా అంటుంటే తెర మీద కోడ్ పడుతుంది. టాలన్‌లో ఆ అతుకులేవీ అక్కర్లేదు, గుర్తింపు ఇంజన్ కూడా దాంతోనే వస్తుంది, మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడిట్లోనూ ఉంది, కాకపోతే లినక్స్‌లో తెరని నడిపే రెండు పద్ధతుల్లో వేలాండ్ మీద కాదు, ఎక్స్11 మీద. మామూలు వెర్షన్ ఉచితం, నెలనెలా డబ్బు కట్టేవాళ్లకి బీటా (ఇంకా పరీక్షలో ఉన్న కొత్త వెర్షన్) వస్తుంది. ఉచితంతో మొదలుపెడితే చాలు.

దీంతో ఏం చేయొచ్చో ఒక్క ఉదాహరణ. అక్షరాలకి ఒక్కో చిన్న పదం ఉంటుంది: ఎయిర్, బ్యాట్, క్యాప్, డ్రమ్, ఈచ్, ఫైన్... ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్ అన్నమాట. బి, డి, ఈ, పి, టి అన్నీ మైకుకి ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఈ ఏర్పాటు. "స్నేక్ టోటల్ అమౌంట్" అంటే రెండు పదాల మధ్య కింది గీత పెట్టి చిన్న అక్షరాల్లో రాస్తుంది. కోడ్ రాసే విఎస్ కోడ్ యాప్‌లో కర్సర్‌లెస్ అనే ఎక్స్‌టెన్షన్ కలుపుకుంటే ప్రతి మాటలోని ఒక అక్షరం నెత్తిన చిన్న టోపీ లాంటి గుర్తు వస్తుంది, "చక్ బ్లూ క్యాప్" అంటే సి అక్షరం మీద నీలం టోపీ ఉన్న మాట ఎగిరిపోతుంది. కర్సర్ అక్కడికి వెళ్లే పనే లేదు. అలవాటు అయ్యాక, నొప్పి లేని రోజుల్లో నేను మౌస్‌తో చేసినదానికంటే ఇదే వేగంగా అవుతోంది.

మరి ఇబ్బంది ఎక్కడ? మొదటి గంటలో. టాలన్ దించుకుని తెరిస్తే తెర మూల చిన్న గుర్తు వస్తుంది, అంతే. మాట్లాడితే ఏమీ జరగదు. ఎందుకంటే కమాండ్లు అందులో ఉండవు. మెనూలోకి వెళ్లి గుర్తింపు ఇంజన్ దించుకోవాలి, ఆ తర్వాత వాడుకరులంతా కలిసి నడిపే కమాండ్ల మూట ఒకటి ఉంది, దాన్ని గిట్ అనే పనిముట్టుతో గిట్‌హబ్ (కోడ్ పంచుకునే వెబ్‌సైట్) నుంచి తెచ్చి టాలన్ యూజర్ ఫోల్డర్‌లో పెట్టాలి. గిట్ అంటే తెలియనివాళ్లు ఇక్కడే ఆగిపోతారు. తెలిసినవాళ్లకి కూడా ఈ పనంతా చేతులతో చేయాల్సినదే, చేతులు నొప్పిగా ఉన్నాయనే కదా ఇక్కడికి వచ్చింది! పక్కన ఒక మనిషి అరగంట కూర్చుని చేసిపెట్టడం తప్ప దీనికి దారి లేదు.

తర్వాతది పేర్ల గొడవ. ఆ కమాండ్ల మూటని ఒకప్పుడు "నౌస్‌జే" అనేవాళ్లు, ఇప్పుడు "కమ్యూనిటీ" అంటున్నారు. పాత వీడియోల్లో మొదటి పేరే వినిపిస్తుంది, రెండూ వేరువేరనుకుని రెండూ తెచ్చి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుంటే ఒకే మాటకి ఇద్దరు జవాబుదారులు తయారై అంతా అయోమయం. కమాండ్ల మాటలు కూడా మారుతుంటాయి. మారినవాటి జాబితా ఆ మూటలోనే ఒక ఫైల్‌గా ఉంటుంది, అప్‌డేట్ చేసిన రోజు దాన్ని చదవడం అలవాటు చేసుకోండి.

డాక్యుమెంటేషన్ మూడు చోట్ల చీలిపోయి ఉంది. అధికారిక పేజీల్లో ప్రోగ్రామర్లకి పనికొచ్చే వివరాలు, వాడుకరులు రాసుకున్న వికీలో మొదలుపెట్టే పద్ధతి, ఇక అసలైన జవాబులు స్లాక్ చాట్‌లో. ఆ చాట్‌లో మనుషులు మంచివాళ్లు, అడిగితే చెబుతారు. కానీ చాట్‌లో చెప్పింది సర్చ్‌లో దొరకదు, నిన్న ఒకరికి చెప్పిందే ఇవాళ ఇంకొకరికి మళ్లీ చెప్పాలి, పైగా ప్రశ్న అడగడానికే టైప్ చేయాలి. నేను వికీతో మొదలుపెట్టమంటాను, వీడియోలతో వద్దు.

ఇన్ని చెప్పినా నేను దీన్నే ఎందుకు వాడుతున్నానంటే, లోపలికి ఒకసారి అడుగుపెట్టాక సాయం చేసే పద్ధతి చాలా తెలివైనది. "హెల్ప్ యాక్టివ్" అంటే ఇప్పుడు, ఈ యాప్‌లో, నా దగ్గరున్న ఫైళ్ల ప్రకారం ఏ కమాండ్లు పనిచేస్తాయో అవే చూపిస్తుంది. "హెల్ప్ ఆల్ఫాబెట్" అంటే అక్షరాల పట్టిక. కర్సర్‌లెస్‌లో "కర్సర్‌లెస్ చీట్‌షీట్" అంటే మనం మార్చుకున్న మాటలతో సహా పట్టిక తయారై వస్తుంది. ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన పేజీ కాదు, మన సెట్టింగ్స్ నుంచి అప్పటికప్పుడు పుట్టేది. పాతబడే ప్రసక్తి లేదు. ఈ విషయంలో మాత్రం మిగతావాళ్లంతా దీన్ని చూసి నేర్చుకోవాలి.

"కమాండ్ హిస్టరీ" అంటే అది విన్న మాటలు తెర మీద కనిపిస్తాయి. మొదటి రోజే ఆన్ చేసుకోండి. ఇది లేకుండా నేర్చుకోవడం అంటే కళ్లకి గంతలు కట్టుకుని సైకిల్ నేర్చుకోవడమే. మనం "ఆడ్" అంటున్నామా "యాడ్" అంటున్నామా, "వేల్" అంటే అది "వెల్" అని విన్నదా, ఇవన్నీ చూస్తే గాని తెలియవు. ఓ అక్షరానికి ఇచ్చిన "ఆడ్" కొంతమంది నోట్లో ఎంతకీ కుదరదు, అలాంటప్పుడు నోరు మార్చుకోవాల్సిన పని లేదు, అక్షరాల ఫైల్‌లో పదాన్నే మార్చేయండి. ఫైల్ రాసే పద్ధతి సులువు: పైన ఏ యాప్‌లో పనిచేయాలో, కింద ఒక అడ్డగీత, దాని కింద అనాల్సిన మాట, రెండు చుక్కలు, జరగాల్సిన పని. సేవ్ చేయగానే అమల్లోకి వస్తుంది.

సాయం పేజీకి కూడా చేతులు కావాలా

ఇది ఒక్క సాఫ్ట్‌వేర్ గురించి కాదు, కానీ చెప్పకుండా ఉండలేను. డబ్బు కట్టి కొన్న ఒక ప్రోగ్రాం అప్‌డేట్ తర్వాత మొరాయిస్తే సాయం కోసం వాళ్ల పేజీ తెరిచాను. లాగిన్ అడిగింది. లాగిన్ అయ్యాక నేను మనిషినని నిరూపించుకోమని ట్రాఫిక్ లైట్లు ఉన్న గళ్లన్నీ నొక్కమంది. ఒక్కో గడికి గ్రిడ్ తెరవడం, అంకె చెప్పడం, మళ్లీ అంకె, ఈలోపు టైం అయిపోయి కొత్త బొమ్మలు రావడం, తాతలు దిగొచ్చారు. చివరికి దొరికిన మాన్యువల్ స్కాన్ చేసిన కాగితాల పీడీఎఫ్, అందులో వెతుకుదామంటే ఒక్క మాట దొరకదు, నూట నలభై పేజీలు "పేజ్ డౌన్" అంటూ వెళ్లాలి. చేతులు వాడలేనివాళ్ల కోసం తయారు చేసినదానికి సాయం పేజీ చేతులున్నవాళ్ల కోసం కట్టారు. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా కొనకముందు దాని సాయం పేజీని గొంతుతోనే తెరిచి, ఒక కమాండ్ వెతికి, వెనక్కి రాగలరేమో చూడండి. ఐదు నిమిషాల పరీక్ష, చాలా చెబుతుంది.

వెబ్‌సైట్లు కట్టేవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. బటన్ మీద కంటికి కనిపించే పేరు, లోపల సాఫ్ట్‌వేర్‌కి కనిపించే పేరులో కూడా ఉండాలని 2018లో వచ్చిన వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 2.1లోనే ఉంది. బటన్ మీద "పే నౌ" అని రాసి లోపల "సబ్మిట్ ఫారం" అని పెడితే, "క్లిక్ పే నౌ" అన్న మనిషికి ఆ బటన్ లేనట్టే.

తెలుగు సంగతి

నేను వాడినవాటన్నిటిలో కమాండ్లు ఇంగ్లీషులోనే ఇచ్చాను. తెలుగులో టైప్ చేయించడం వేరే సంగతి, అది బాగానే అవుతుంది: గూగుల్ 2017లోనే వాయిస్ టైపింగ్‌కి తెలుగు కలిపింది, ఫోన్‌లో జీబోర్డ్‌తో, కంప్యూటర్‌లో క్రోమ్‌లో గూగుల్ డాక్స్‌తో పనవుతుంది. కానీ డాక్స్‌లో దిద్దుబాటు కమాండ్లు ఇంగ్లీషు డాక్యుమెంట్‌కే ఉన్నాయి, తెలుగులో చెబుతున్నప్పుడు "పై లైను తీసెయ్" అంటే ఆ మాటలు కూడా లైనులోనే పడతాయి.

అందుకని రెండూ జోడించాలి. కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌తో "ప్రెస్ కంట్రోల్ షిఫ్ట్ ఎస్" అంటే డాక్స్ మైకు మొదలవుతుంది, వెంటనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ని నిద్రపుచ్చాలి, లేకపోతే మీ తెలుగుని అది ఇంగ్లీషు కమాండ్లనుకుని ఏదో ఒకటి చేస్తుంది. పేరా అయ్యాక లేపాలి. లేపే మాట కూడా డాక్స్ వింటుంది కాబట్టి పేరా చివర "వాయిస్ యాక్సెస్ వేక్ అప్" అని తెలుగులో పడి ఉంటుంది, దాన్ని చెరిపేయాలి. అన్నయ్య తన కూతురి స్కూలుకి ఉత్తరాలు ఇలాగే రాస్తాడు, మొదట్లో ఉత్తరం చివర ఆ నాలుగు మాటలు అలాగే ఉండిపోయేవి, ఇప్పుడు మర్చిపోకుండా తీసేస్తున్నాడు.

బటన్ల పేర్లు తెలుగులో ఉన్న వెబ్‌సైట్లలో ఇంకో చిక్కు. "సమర్పించు" అని రాసి ఉంటే ఇంగ్లీషు వినే సాఫ్ట్‌వేర్‌కి ఆ పేరు చెప్పే దారే లేదు, అంకెలే గతి. తెలుగు వెబ్ ఎక్కువ చూసేవాళ్లకి అంకెలు బాగా చూపించే సాఫ్ట్‌వేరే కావాలి, అంటే విండోస్ లేదా మ్యాక్‌తో వచ్చేదే. మన పేర్లు, ఊళ్ల పేర్లు అయితే ముందే పదాల జాబితాలో చేర్చుకోండి. టాలన్‌లో మాట ఒకలా, రాత ఒకలా పెట్టుకోవచ్చు, "మై విలేజ్" అంటే ఊరి పేరు పూర్తి స్పెల్లింగ్‌తో పడేలా.

ఫోన్ గురించి క్లుప్తంగా: ఆండ్రాయిడ్‌లో వాయిస్ యాక్సెస్ అనే గూగుల్ యాప్ ఉంది, 2018 నుంచి. పేరు ఒకటే అయినా విండోస్‌దానికీ దీనికీ సంబంధం లేదు, వెతికేటప్పుడు రెండూ కలిసిపోతాయి, జాగ్రత్త. "హే గూగుల్, వాయిస్ యాక్సెస్" అంటే మొదలవుతుంది. అన్నయ్యకి ఇది కంప్యూటర్‌కి తోడుగా పెట్టాను, ఒకటి మొరాయిస్తే రెండోదాంతో ఫోన్ చేయగలగాలి.

మైకు, ఫ్యాను, గొంతు

ఏది ఎంచుకున్నా ల్యాప్‌టాప్‌లో ఉండే మైకుతో మొదలుపెట్టి, బాగాలేదని తీర్పు ఇవ్వకండి. నేను మొదటి వారం అదే చేశాను, అమ్మ పక్క గదిలోంచి పిలిచిన పిలుపులు నా ఫైల్‌లో అక్షరాలై పడ్డాయి. నోటి పక్కకి వచ్చే కాడ ఉన్న వైరు హెడ్‌సెట్ తీసుకోండి. బ్లూటూత్‌లో మైకు వాడగానే శబ్దం నాణ్యత పడిపోతుంది, పైగా ఛార్జింగ్ అయిపోతే చేతులు లేనివాళ్లు ఏం చేయాలి. సీలింగ్ ఫ్యాను గాలి నేరుగా మైకు మీద పడకుండా కుర్చీ జరుపుకోండి, మైకుకి స్పాంజి తొడుగు వేయండి. ఎండాకాలం ఫ్యాను ఆపడం అయ్యే పని కాదు.

గొంతు కూడా ఒక అవయవమే. రోజుకి ఆరేడు గంటలు పొడి పొడిగా, గట్టిగా కమాండ్లు చెబితే రెండు వారాల్లో బొంగురు పోతుంది, నాకు పోయింది, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. మామూలు గొంతుతో, పక్కనున్న మనిషితో అన్నట్టు అనండి, నీళ్లు దగ్గర పెట్టుకోండి, గంటకోసారి పూర్తిగా ఊరుకోండి. చిన్న మాటలతో ఎక్కువ పని జరిగే సాఫ్ట్‌వేర్ ఇందుకు కూడా మంచిది, ఈ లెక్కన టాలన్ అన్నిటికంటే ముందుంటుంది.

ఎవరికి ఏది

చేతులు అసలు వాడలేని మనిషికి, కంప్యూటర్‌తో వచ్చినదే: విండోస్ 11 అయితే వాయిస్ యాక్సెస్, యాపిల్ అయితే వాయిస్ కంట్రోల్. శక్తి తక్కువైనా మర్చిపోయిన మాట గొంతుతో దొరుకుతుంది, రీస్టార్ట్ అయ్యాక తనే లేస్తుంది. చేతులు కొంచెం వాడగలిగి, కోడ్ రాసే పని ఉండి, మొదటి రెండు వారాలు ఓపిక పట్టగలిగితే టాలన్. గిట్ తెలిసిన స్నేహితుడు ఒకడు ఉంటే ఇంకా మంచిది. ఇంగ్లీషులో పొడుగాటి రాతపని మాత్రమే అయితే, ఆఫీసు డబ్బు పెడితే, డ్రాగన్. చేతుల నొప్పి ఇప్పుడిప్పుడే మొదలైనవాళ్లు టాలన్ కోసం నొప్పి ముదిరేదాకా ఆగకండి, టైప్ చేయగలిగిన చేతులు ఉన్నప్పుడే సెటప్ అంతా పూర్తి చేసి పెట్టుకోండి, రోజుకి ఐదారు మాటలు నేర్చుకుంటూ ఉండండి.

ఇక అన్నయ్యకి ఆ రోజు నేను చేసిపెట్టింది ఒక కాగితం. మంచానికి ఎదురుగా గోడ మీద, ఆయన చూపు పడే ఎత్తులో అంటించాను. స్కెచ్ పెన్నుతో తెలుగు అక్షరాల్లో పదకొండు లైన్లు. మొదటి లైను "వాయిస్ యాక్సెస్ వేక్ అప్: నిద్ర లేపడానికి". రెండోది "వాట్ కెన్ ఐ సే: మాట మర్చిపోతే". మూడోది "షో నంబర్స్: అంకెలు". నాలుగోది "అన్‌డూ దట్: తప్పు జరిగితే". అట్టడుగున ఎర్ర స్కెచ్‌తో "టర్న్ ఆఫ్ మైక్రోఫోన్ అనకు". మీ ఇంట్లో ఎవరికైనా సెటప్ చేస్తే మిగతా లైన్లు వాళ్ల పనిని బట్టి మార్చండి, మొదటిదీ చివరిదీ మాత్రం అలాగే ఉంచండి, ఉచ్చారణ వాళ్లు పలికేలాగే తెలుగులో రాయండి, కాగితం అంటించాక గదిలోంచి బయటికి వచ్చేసి గంటసేపు వాళ్లని ఒక్కళ్లనే వదలండి.